పుర్రచేతి మాస్టరు కొడుకు కుడి పిడికిలి

ఆ వీధిలో దర్జీలు ముగ్గురున్నా ఎడమ చేత్తో కత్తెర పట్టేవాడు ఒక్కడే. అందుకని అందరూ అతన్ని పుర్రచేతి మాస్టరు అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ, ఆ బిల్లు తెచ్చే మనిషి కూడా గుమ్మంలో నిలబడి "పుర్రచేతి మాస్టరుగారూ" అనే కేకేస్తాడు.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక తెర. ఎవరెవరివో ప్యాంట్లు పొట్టి చేయగా మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టిన తెర అది. "ఇందులో ఇద్దరు జడ్జీలున్నారు, ఒక దొంగ ఉన్నాడు. ఎవరి ముక్క ఏదో మాత్రం చెప్పను, వృత్తిధర్మం" అంటాడు మాస్టరు. అతని కత్తెరకి అంచులు తిరగేసి ఉంటాయి. కుడిచేతి వాళ్ళు పట్టుకుంటే గుడ్డ తెగదు, నలుగుతుంది. దాన్ని ఎవరైనా ఒక్కసారి పట్టుకుంటే చాలు, మాస్టరు తాతగారి కథ ఎత్తుకుంటాడు.

"మా తాతదీ పుర్రచెయ్యే. రైలు స్టేషన్లో రెండు నిమిషాలు ఆగేది. కిటికీలోంచి కొలత తీసుకుని, రైలు కదిలేలోపు చొక్కా కుట్టి తొడిగి పంపేవాడు."

"మరి గుండీలో?" అని అడుగుతాడు కండక్టరు. బస్సు డ్యూటీ దిగగానే ఇంటికి వెళ్ళకుండా ఈ కొట్టులో బల్ల మీద కూలబడే మనిషి. ఈ కథ అతనికి నోటికి వచ్చు. అయినా అడుగుతాడు.

"గుండీలు తర్వాతి స్టేషన్లో ఆయన తమ్ముడు కుట్టేవాడు."

ఇలాంటి మనిషికి పెళ్ళయిన ఏడేళ్ళకి కొడుకు పుట్టాడు. నెలలు నిండి, మామూలు కాన్పులో, మంచి బరువుతో, కొట్టంతా వినపడే ఏడుపుతో పుట్టాడు. ఎటు పడితే అటు దొర్లుతున్నాడని మాస్టరు వాడికి బాబిన్ అని ముద్దుపేరు పెట్టాడు. కుట్టుమిషన్ కింద తిరిగే ఆ చిన్న దారం చక్రమే బాబిన్.

నాలుగో నెల దాటాక ఒక సాయంత్రం మాస్టరు ఎర్రదారం రీలు ఒకటి బాబిన్ మొహం ముందు ఆడించాడు. బాబిన్ ఎడమ చెయ్యి చాపి లటుక్కున లాక్కున్నాడు. మాస్టరు రీలు కుడి పక్కకి తీసుకెళ్ళాడు. బాబిన్ ఒళ్ళంతా మెలి తిప్పి, పొట్ట మీదుగా అదే ఎడమ చెయ్యి పంపి, మళ్ళీ లాక్కున్నాడు. ఇంకో పిల్లాడైతే దగ్గరున్న కుడి చెయ్యి వాడేవాడు. వీడు వాడలేదు.

"చూశావా?" అన్నాడు మాస్టరు కండక్టరుతో. "మా తాత రక్తం. నాలుగు నెలలకే చెయ్యి ఎంచుకున్నాడు."

"మావాడికి మూడేళ్ళొచ్చినా ఏ చెయ్యో తేలలేదు" అన్నాడు కండక్టరు.

"మీవాడు టిక్కెట్టు కొట్టుకునేవాడు. వీడు కళాకారుడు."

ఆరోజు నుంచి అది కొట్టులో రోజూ జరిగే ఆట అయింది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాడికి ముందు ఈ ఆట చూపించి, తర్వాతే టేపు తీసేవాడు మాస్టరు. రీలు కుడి పక్క పట్టుకోవడం, బాబిన్ ఎడమ చేత్తో అందుకోవడం, చూసినవాళ్ళు చప్పట్లు కొట్టడం. బొమ్మలు, గిలక, పాలసీసా అన్నీ ఎడమ పక్కనే పెట్టేవాడు. "వాడి చెయ్యి వెతుక్కునే పని లేకుండా" అనేవాడు.

ఈ సంబరంలో కలవని వాళ్ళు ఇంట్లో ఇద్దరు.

ఒకరు మాస్టరు తల్లి. ఆవిడకి ఎడమ చెయ్యి చూస్తేనే ఒళ్ళు మంట. "ఇప్పుడే కట్టెయ్యరా దాన్ని. నీకు బడిలో కట్టినట్టు కడితే దారికొస్తాడు."

ఆ మాట వింటే మాస్టరు మొహం మాడిపోతుంది. చిన్నప్పుడు బడిలో పంతులు తువ్వాలు చింపి అతని ఎడమ చేతిని బల్ల కోడుకి కట్టేసేవాడు. కుడి చేత్తో రాసిన అక్షరాలు వాన తగిలిన బొమ్మల్లా కరిగిపోయినట్టుండేవి. ఆరో తరగతిలో బడి మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే "పంతులుకి వచ్చిందంతా నేర్చేసుకున్నాను, ఇక ఆయన దగ్గర సరుకు అయిపోయింది" అంటాడు. అసలు సంగతి ఎవరికీ చెప్పడు. చెప్పేది ఒక్కటే. "నా కొడుకు ఎడమ చెయ్యి ఎవడన్నా కడితే వాడి చెయ్యి నా కత్తెరకిస్తా."

రెండో మనిషి అతని భార్య. ఆవిడ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్‌లో పనిచేస్తుంది. కుట్టిన చొక్కా చేతికొస్తే పది సెకన్లలో తిరగేసి, కాలరు, చంక, కఫు చూసి పాస్ అనో డ్యామేజీ అనో తేల్చాలి. బాబిన్‌కి ఆరో నెల వచ్చాక మళ్ళీ ఒక పూట డ్యూటీకి వెళ్తోంది. స్నానం చేయించేది, బట్టలు వేసేది ఆవిడే. అందుకని ఆవిడకి తెలిసినవి మాస్టరుకి తెలియవు.

"ఏవండీ, వీడి కుడి చెయ్యి ఎప్పుడూ మూసే ఉంటోంది" అంది ఒకరోజు, బాబిన్‌ని తుడుస్తూ. "బొటనవేలు లోపలికి మడిచి, దాని మీద పిడికిలి. నేను బలవంతంగా విప్పితే లోపల పాలు, నూగు పేరుకుపోయి వాసనొస్తోంది. ఎడమది చూడండి, పువ్వులా విచ్చుకుని ఉంది."

"పుర్రచేతి వాళ్ళకి కుడి చెయ్యి విశ్రాంతి చెయ్యి" అన్నాడు మాస్టరు మిషన్ తొక్కుతూ.

"మీరు కుడి చేత్తో ఏం చేస్తారు?"

"గుడ్డ పట్టుకుంటాను."

"వీడు పట్టుకోవట్లేదు."

మాస్టరు పెడల్ ఆపలేదు. "చొక్కా తొడిగేటప్పుడు కూడా అంతే. ఎడమ చెయ్యి దూరిపోతుంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుని రాదు" అందావిడ. కూర్చోబెడితే కుడి పక్కకే ఒరుగుతున్నాడంది. కుడి కాలి వేళ్ళు నేలని పొడుస్తున్నట్టు కిందికి సాగుతున్నాయంది.

మాస్టరుకి ఎందుకో కోపం వచ్చింది. కోపమో భయమో అతనికే తెలియదు. "పొద్దస్తమానం డ్యామేజీ పీసులు వెతికి వెతికి, నీకు కన్నకొడుకు కూడా డ్యామేజీ పీసులానే కనిపిస్తున్నాడు" అనేశాడు.

ఆవిడ తువ్వాలు మడతపెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు మొగుడితో నేరుగా మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా బాబిన్ ద్వారానే. "మీ నాన్నని అడుగు నాన్నా, అన్నం తింటాడేమో." "మీ నాన్నకి చెప్పు బాబిన్, నీళ్ళు వచ్చాయని." మాస్టరు కూడా బాబిన్ మొహంలోకి చూసే జవాబు చెప్పేవాడు. మధ్యలో బాబిన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఎడమ చేత్తో తన కుడి పిడికిలిని పట్టుకుని అదేదో వేరేవాళ్ళ వస్తువులా కొరికేవాడు.

తొమ్మిదో నెల వచ్చింది. బాబిన్ మోకాళ్ళ మీద పాకడు, పొట్ట మీద ఈదుతాడు. ఎడమ మోచెయ్యి ముందుకేసి మిగతా ఒంటిని లాక్కొస్తాడు. "మా తాత కూడా ఇలాగే" అందామనుకున్నాడు మాస్టరు. తాత పాకడం తను చూడలేదని గుర్తొచ్చి ఆగిపోయాడు. అతను ఒక కథ మధ్యలో ఆపడం కండక్టరు చూడటం అదే మొదలు.

ఒక శనివారం మధ్యాహ్నం కండక్టరు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మాస్టరుకి ఇంకో విద్య ఉంది. పాత బట్ట చూసి, తొడిగిన మనిషి ఎలాంటివాడో చెప్తాడు. ఇది మాత్రం కోతలు కాదు, నిజంగానే వచ్చు. ఎవరిదో ప్యాంటు ఎత్తి చూపిస్తూ "కుడి జేబు అంచు నలిగింది, తాళాల గుత్తి మోస్తాడు. వెనక ఎడమ పక్క పలచబడింది, ఒక పక్కకే ఒరిగి కూర్చుంటాడు. గుమాస్తా" అంటున్నాడు.

తెర తప్పించుకుని భార్య వచ్చింది. చేతిలో ఒక కవరు. దాన్ని కటింగ్ బల్ల మీద దులిపింది. మూడు చిన్న చొక్కాలు, రెండు లాగులు, ఒక జత మేజోళ్ళు.

"ఇవి నేను కుట్టినవే కదా" అన్నాడు మాస్టరు.

"అవును. అది మర్చిపోండి. ఎవరో కస్టమరు పంపాడనుకోండి. ఎలాంటివాడో చెప్పండి మాస్టరుగారూ."

కొడుకు సంగతి ఇన్నాళ్ళకి మళ్ళీ ఎత్తింది. పైగా ఎదురుగా కండక్టరు ఉన్నాడు. వెనక్కి తగ్గితే పరువు ఏం కావాలి? మాస్టరు కళ్ళజోడు సర్దుకుని, ఒక చొక్కా వెలుగులోకి పట్టాడు.

"ఎడమ మోచెయ్యి దగ్గర అరిగింది, నేల మీద రాసుకుంటోంది. కష్టజీవి" అన్నాడు. కండక్టరు నవ్వాడు. "కుడి మోచెయ్యి కొత్తగా ఉంది, అసలు వాడినట్టే లేదు. కానీ కుడి చంకలో కుట్టు చిట్లింది. ఎందుకంటే..." ఆగాడు. "చెయ్యి వంగదు. చొక్కా తొడిగేటప్పుడు లాగుతున్నారు. తొడిగేవాళ్ళ తప్పు కాదు, చెయ్యే సహకరించట్లేదు."

"ఊఁ" అందావిడ.

మేజోళ్ళు అందుకున్నాడు. "ఎడమది బానే ఉంది. కుడిది వేళ్ళ దగ్గర చిల్లు పడింది. మడమ మాత్రం చెక్కుచెదరలేదు. ఈ మనిషి కుడి కాలు మునివేళ్ళ మీద..." రెండో చొక్కా తీశాడు, మూడోది తీశాడు. మూడింటికీ అదే చంక. రెండు లాగులకీ ఎడమ మోకాలే. మడతలు విప్పుతున్న కొద్దీ అతని మాటలు దారం అయిపోయిన మిషన్‌లా ఉత్తినే ఆడాయి.

"ఈ కస్టమరుకి..." అన్నాడు. తర్వాత కండక్టరు వైపు చూశాడు, ఏదో సాయం అడుగుతున్నట్టు. కండక్టరు తన సంచీ సర్దుకుని "డ్యూటీ ఉంది" అని లేచాడు. అప్పుడే దిగి వచ్చిన డ్యూటీ.

"ఈ కస్టమరుకి కుడి పక్క సగం మనిషి పనిచెయ్యట్లేదు" అన్నాడు మాస్టరు, భార్యతో కాదు, చొక్కాతో.

పిల్లల డాక్టరమ్మ గదిలో గోడ మీద ఏనుగు బొమ్మ ఉంది. బాబిన్ దాన్నే చూస్తున్నాడు. ఆవిడ ముందు పిల్లాణ్ణి ఏమీ చెయ్యలేదు, ఊరికే ఆడనిచ్చి చూసింది. తర్వాత వాడి మొహం మీద చిన్న గుడ్డ కప్పింది. ఎడమ చేత్తో ఠక్కున లాగేశాడు. ఈసారి ఎడమ చెయ్యి మెల్లగా పట్టుకుని మళ్ళీ కప్పింది. గుడ్డ కింద బాబిన్ తల అటూ ఇటూ తిప్పాడు, కుడి భుజం కదిలింది, పిడికిలి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. గుడ్డ అలాగే ఉంది. మాస్టరు తన చేత్తో లాగెయ్యబోతే భార్య మణికట్టు పట్టుకుని ఆపింది. తర్వాత డాక్టరమ్మ వాడిని నడుం దగ్గర పట్టి, మంచం మీదకి ముందుకు వంచింది. పడిపోకుండా ఆపుకోవడానికి ఎడమ చెయ్యి చాచుకుంది. కుడిది రాలేదు.

"ఎప్పటినుంచి ఒక చెయ్యే వాడుతున్నాడు?"

"నాలుగో నెల నుంచి" అన్నాడు మాస్టరు. ఇన్నాళ్ళూ అదే మాట ఎంత గర్వంగా చెప్పేవాడో. "నాదీ ఎడమ చెయ్యేనండి. వంశం అనుకున్నాను."

"వంశమైనా ఇంత తొందరగా తేలదు. ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ కలిపే వాడతారు. ఒక చెయ్యే ఎంచుకున్నాడంటే, ఆ చెయ్యి గొప్పదని కాదు, రెండోది రావట్లేదని."

స్కాన్ తీయించారు. వారం తర్వాత మళ్ళీ అదే ఏనుగు గది. డాక్టరమ్మ నల్లటి ఫిల్ము వెలుగు డబ్బాకి తగిలించి, మెదడులో ఎడమ పక్క ఒక మచ్చ చూపించింది. పుట్టకముందో, పుట్టే సమయంలోనో అక్కడికి కాసేపు రక్తం అందలేదంది. పెద్దవాళ్ళకి పక్షవాతం వచ్చినట్టే, కడుపులో ఉన్న బిడ్డకీ రావచ్చంది. ఒంట్లో ఒక పక్కకి మాత్రమే వచ్చే సెరిబ్రల్ పాల్సీ అంది.

మాస్టరు ఫిల్ము చూశాడు, కొడుకుని చూశాడు. "మచ్చ ఎడమ పక్క అంటున్నారు. రానిది కుడి చెయ్యి కదా. ఫిల్ము తిరగేసి పెట్టారేమో చూడండి."

"తిరగెయ్యలేదు. మెదడులో ఎడమ పక్క ఒంట్లో కుడి పక్కని నడిపిస్తుంది."

"మరి నా ఎడమ చెయ్యి?"

"మీ కుడి మెదడు."

మాస్టరు తన నెత్తిని ఒక చేత్తో, తర్వాత రెండో చేత్తో తడిమి చూసుకున్నాడు. బట్టని లోపలి వైపు నుంచి గీస్తే కుడి ముక్క ఎడమకి పోతుంది, ఆ సంగతి అతనికి చెయ్యి తిరిగిన సంగతే. అయినా ఇది ఎక్కలేదు. ఎక్కినట్టే ఎక్కి జారిపోయింది.

"ఎందుకొచ్చింది?" అని అడిగింది భార్య. ఆ గదిలోకి వచ్చినప్పటినుంచీ ఆవిడ మోస్తున్న ప్రశ్న అదొక్కటే. ఫ్యాక్టరీలో ఎనిమిదో నెల దాకా నిలబడి పనిచేసింది. బస్సు కిటికీ గాలి తగిలిందని కండక్టరు అన్నాడు. మిషన్ చప్పుడికి బిడ్డ అదిరాడని అత్తగారంది. ఎడమ పక్కే బొమ్మలు పెట్టి తనే కుడి చెయ్యి పాడుచేశానని మాస్టరు రెండు రోజులుగా నిద్రలో కూడా గొణుగుతున్నాడు. పుట్టిన రెండో రోజు పసివాడి కుడి చెయ్యి టకటకా కొట్టుకుంది. ఆవిడ నర్సుని పిలిచేసరికి ఆగిపోయింది, చలేమో అన్నారు. అవన్నీ చెప్పి, అదన్నా కారణమా అని అడిగింది.

"అది కారణం కాదు, దీని గుర్తే అయ్యుండొచ్చు. తెలిస్తే అప్పుడే పట్టుకునేవాళ్ళం" అంది డాక్టరమ్మ. "కొందరికి రక్తం గడ్డకట్టే గుణం ఉంటుంది, కొందరికి తల్లికి వచ్చిన ఇన్‌ఫెక్షను, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి మెదడులో రక్తస్రావం, కొందరికి మెదడు తయారవడంలోనే తేడా. మీ వాడికి అన్నీ చూశాం. ఏదీ దొరకలేదు. మీరు నిలబడటం వల్ల కాదు, గాలి వల్ల కాదు, బొమ్మల వల్ల అసలే కాదు."

"చిరుగు ఉందంటే ఎక్కడో మేకు ఉండాలి కదండీ" అన్నాడు మాస్టరు. "నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఉత్తినే చిరిగిన గుడ్డ చూడలేదు."

"మా సర్వీసులో మేకు దొరకని చిరుగులే ఎక్కువండీ" అందావిడ. ఆ మచ్చ పెరగదని, చాలామంది పిల్లల్లా వీడూ నడుస్తాడని చెప్పింది. చెయ్యి సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేనంది. "వాడని చేతిని మెదడు లెక్కలోంచి తీసేస్తుంది. వాడిస్తే కొంత తిరిగి వస్తుంది. ఎంతన్నది ఎవరూ చెప్పలేరు. ఈ నెలలు పోతే మళ్ళీ రావు."

అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో ఫిజియో అమ్మాయి ఉంది. చిన్నపిల్లలా కింద చాప మీద బోర్లా పడుకుని మాట్లాడుతుంది. ఆవిడ బాబిన్‌తో గంటసేపు ఆడి, లేచి కూర్చుని, మాస్టరుతో "మీరు దర్జీ అట కదా, అయితే మీకు తేలిక. వాడి ఎడమ చేతికి ఒక సంచీ కుట్టండి. మెత్తటి గుడ్డ, వేళ్ళు లేకుండా. రోజూ అరగంట దాన్ని తొడిగి ఆడించాలి" అంది.

మాస్టరుకి మొదట అర్థం కాలేదు. "ఎడమ చేతికా? బాగున్న చేతికా?"

"బాగున్న చెయ్యి కాసేపు పక్కన ఉంటేనే రెండోది ముందుకొస్తుంది."

"అంటే కట్టెయ్యమంటారు."

"కట్టడం కాదండీ."

"సంచీలో పెడితే కట్టినట్టు కాదా?"

ఇంట్లో తల్లి సంగతంతా విని, మంచం మీద నిటారుగా కూర్చుంది. "పుట్టినప్పటినుంచీ మొత్తుకున్నానా లేదా? ఎడమ చెయ్యి కట్టమని. అప్పుడు నేను రాక్షసిని. ఇప్పుడు తెల్లకోటు వేసుకున్న పిల్ల చెప్తే ఫీజు ఇచ్చి వచ్చారు."

మాస్టరు బుర్ర వేడెక్కిపోయింది. ఎడమ చెయ్యి కడితే తప్పని ముప్పై ఏళ్ళుగా నమ్మాడు. ఎడమ చెయ్యి గొప్పదని ఐదు నెలలు చప్పట్లు కొట్టించాడు. ఆ గొప్పతనమే జబ్బు గుర్తని తేలింది. ఇప్పుడు ఎడమ చెయ్యి కట్టడమే వైద్యం అంటున్నారు. ఈ లెక్కన పంతులు చేసింది మంచిదా, అమ్మ చెప్పింది నిజమా, తను ఎటు నిలబడాలి? అతనికి కుడి ఏదో ఎడమ ఏదో కాసేపు నిజంగానే తెలియలేదు. కొళాయి తిప్పబోయి రెండుసార్లు తప్పు వైపు తిప్పాడు.

మర్నాడు ఒక్కడే మళ్ళీ ఫిజియో అమ్మాయి దగ్గరకి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "మా పంతులు నా చెయ్యి కట్టేశాడండి" అన్నాడు.

ఆ అమ్మాయి "మీ కుడి చెయ్యి బాగానే ఉందిగా. మిమ్మల్ని మార్చడానికి కట్టాడు. అది తప్పే" అంది. "మీవాడు ఎడమచేతి వాడిగానే పెరుగుతాడు, దాన్ని మనం మార్చట్లేదు. ఆ చేతికి ఒక సహాయకుణ్ణి తయారుచేస్తున్నాం. అరగంటే. ఆటలోనే, పక్కన మీరుండగానే. ఏడిస్తే తీసెయ్యండి. మీ పంతులు మీరు ఏడిస్తే తీసేవాడా?"

"తీసేవాడు కాదు."

"అయితే ఇది అది కాదు."

మాస్టరు తలూపాడు గానీ, పూర్తిగా ఒప్పుకున్నాడో లేదో అతనికే తెలియలేదు. ఇంటికొచ్చి పసుపు రంగు మెత్తటి గుడ్డ తీశాడు. అర జానెడు సంచీ, కళ్ళు మూసుకుని కుట్టే పని. మూడు రోజులు పట్టింది. మొదటిది వదులై ఊడిపోయింది, రెండోది బిగుతైంది. మూడోది సరిపోయింది గానీ భార్య దాన్ని తిరగేసి, లోపలి కుట్టు వేలికి గుచ్చుకుంటుందని వెనక్కి కొట్టింది. "డ్యామేజీ" అంది. ఆ మాట ఆవిడ నోట విని మాస్టరుకి నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. నాలుగోది పాస్ చేసింది.

మొదటి రోజు బాబిన్ ఆ పసుపు సంచీని చూసి, కొరికి, నేలకేసి కొట్టి, తండ్రి మొహంలోకి చూశాడు. ఆ చూపు మాస్టరు తట్టుకోలేకపోయాడు. లేచి వెళ్ళి, పాత దిండు గలేబు ఒకటి తెచ్చి తన ఎడమ చేతికి తొడుక్కుని, మణికట్టు దగ్గర టేపు చుట్టుకుని, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ కుడి చేతులే. పెద్ద దారం రీళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చడం ఆట. మాస్టరు కుడి చేత్తో మూడు పేర్చేసరికి రెండు పడిపోయేవి. అతన్ని చూసి బాబిన్ కిలకిలా నవ్వాడు. తర్వాత కుడి భుజం విసిరి, పిడికిలితోనే మిగిలిన ఆ ఒక్క రీలూ పడగొట్టాడు.

అప్పటినుంచీ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. తెలియక తోసుకొచ్చిన కండక్టరు ఆ సంచుల్ని చూసి "ఏంటి మాస్టరూ, తండ్రీకొడుకులు బాక్సింగా?" అన్నాడు.

"కూర్చో. పేర్చు. కుడి చేత్తో కాదు, ఎడమ చేత్తో. అప్పుడు తెలుస్తుంది."

కండక్టరు రెండు రీళ్ళు దాటలేదు. ఆ రోజు తాతగారి కథ ఎవరూ అడగలేదు, మాస్టరూ చెప్పలేదు.

బొటనవేలు బయటికొస్తుందేమో చూస్తూ ఉండమని ఫిజియో అమ్మాయి చెప్పింది. పిడికిలి మొత్తం విచ్చుకోవడం తర్వాతి మాట, ముందు ఆ లోపల దాక్కున్న బొటనవేలు రావాలట. ఏడు వారాలైంది. ఒకరోజు మణికట్టు కొంచెం వదులైనట్టుండేది, మర్నాడు మళ్ళీ రాయిలా బిగుసుకునేది. బాగవుతోందో, బాగవుతున్నట్టు తమకే అనిపిస్తోందో ఇద్దరికీ అంతుపట్టేది కాదు.

ఎనిమిదో వారం మంగళవారం, రెండింటికి, భార్య వెనక గదిలో బట్టలు ఆరేస్తోంది. మాస్టరు నీలం రీలు బాబిన్ కుడి పిడికిలికి ఆనించి పట్టుకున్నాడు. బాబిన్ దాన్ని చూశాడు, నాలుక బయటపెట్టాడు, ఏదో బరువు ఎత్తుతున్నట్టు ఊపిరి బిగపట్టాడు. పిడికిలి లోపలినుంచి బొటనవేలు మెల్లగా, తెల్లగా, చాలా రోజులు నీళ్ళలో నానినట్టు, బయటికొచ్చి రీలు అంచుకి తగిలింది.

"ఏమే" అన్నాడు మాస్టరు. మళ్ళీ అన్నాడు. "ఏమే, ఇటు రా, తొందరగా."

ఆవిడ తడి చేతులతో వచ్చేసరికి వేలు లోపలికెళ్ళిపోయింది. పిడికిలి ఎప్పటిలా మూసి ఉంది.

"వచ్చింది. బొటనవేలు. ఇంత వచ్చింది."

ఆవిడ వాడి చెయ్యి చూసింది, మొగుడి మొహం చూసింది. "మీ తాత రైలు కదిలేలోపు చొక్కా కుట్టినట్టా?"

"ఒట్టు. రీలుకి తగిలింది."

"ఏ చెయ్యి?"

"కుడి..." అని ఆగిపోయాడు మాస్టరు. తన కుడి చేతిని చూసుకున్నాడు, ఎదురుగా ఉన్న కొడుకు కుడి చేతిని చూశాడు, సంచీలో ఉన్న ఎడమ చేతిని చూశాడు. "కుడే. కుడే కదా. సంచీలోంచి ఎలా వస్తుంది మరి?" జీవితంలో ఎన్ని కోతలు కోశాడో లెక్కలేదు, అవన్నీ జనం నవ్వుతూ నమ్మారు. ఇప్పుడు ఒక్క నిజం చేతిలో ఉంటే, దాన్ని ఎలా చెప్పాలో తెలియట్లేదు. చెప్తున్న కొద్దీ తనకే అనుమానంగా ఉంది. వచ్చిందా? రీలు తనే జరిపాడా? రావాలని అంత గట్టిగా చూస్తూ కూర్చున్నవాడికి రాకపోయినా వచ్చినట్టు కనపడదా?

"నేను చూడందే పాస్ చెయ్యను" అంది భార్య.

"వద్దు. చెయ్యకు" అన్నాడు మాస్టరు. "నువ్వే చూడు."

ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుని చాప మీద బోర్లా పడుకుంది, కళ్ళు ఆ చిన్న పిడికిలికి జానెడు దూరంలో పెట్టి. మాస్టరు నీలం రీలు మళ్ళీ ఆనించాడు. బయట ఎవరో తలుపు తట్టి "ప్యాంటు అయిందా మాస్టరూ?" అని అడిగారు. ఇద్దరూ తల తిప్పలేదు. బాబిన్ తల్లి మొహంలోకి చూశాడు, తండ్రి మొహంలోకి చూశాడు, వీళ్ళకి తననుంచి ఏం కావాలో బొత్తిగా అర్థం కానట్టు. తర్వాత రీలు వైపు తిరిగి, నాలుక కొంచెం బయటపెట్టాడు.